సగటు మనిషి ఫోర్కు

కొండ దిగే సైకిళ్ల దగ్గర ఎవరన్నా "నాకు ధైర్యం చాలట్లేదు", "చేతులు పడిపోతున్నాయి", "ఇది నాకు అచ్చిరాదులే" లాంటి మాటలంటే నేను ముందు ఆ మనిషిని చూడను, సైకిలు ఫోర్కుని చూస్తాను. ఈ మూడింట్లో కనీసం రెండు మాటలు మనిషివి కావనీ, ఫోర్కువనీ నా గట్టి నమ్మకం. ఫోర్కుకి నోరు లేదు కాబట్టి ఎక్కినవాళ్ల నోటితో అంటుంది, అంతే.

ముందు ఈ ఆట సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డౌన్‌హిల్ అంటే సైకిల్ని స్కీ లిఫ్టుకి తగిలించి కొండెక్కి, అక్కణ్ణుంచి రాళ్లూ, చెట్ల వేర్లూ, గుంతలూ ఉన్న దారిలో కిందకి రావడం. తొక్కేది తక్కువ, పెడళ్ల మీద నిలబడి కాచుకునేది ఎక్కువ. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత బండ సైకిళ్లేసుకుని రీప్యాక్ అనే పందెం మొదలెట్టారు. రెండు మైళ్ల చిల్లర దూరంలో 1300 అడుగులు దిగాలి. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందకొచ్చేసరికి వెనక హబ్బులో గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరుకుంటే గానీ ఇంకోసారి దిగలేరు కాబట్టి పందేనికి ఆ పేరు. అప్పట్లో సస్పెన్షన్ అంటే మోకాళ్లూ మోచేతులే.

1989లో పాల్ టర్నర్ అనే ఆయన, మోటోక్రాస్ నుంచి వచ్చినవాడు, రాక్‌షాక్స్ ఆర్‌ఎస్-1 అనే ఫోర్కు తెచ్చాడు. అది నొక్కుకునేది 50 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా. 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగిన మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో డౌన్‌హిల్ గెలిచిన గ్రెగ్ హెర్బోల్డ్ సైకిలుకి ఉన్నది ఆ ఫోర్కే. ఇప్పుడు డౌన్‌హిల్ ఫోర్కులు 200 మిల్లీమీటర్లు నొక్కుకుంటాయి. దీన్నే ట్రావెల్ అంటారు. మోటారు సైకిల్లాగా పైనొక పట్టీ, కిందొక పట్టీ, చేతి మణికట్టంత గొట్టాలు. చూడ్డానికి రాక్షసుల్లా ఉంటాయి. ధర కూడా అలాగే ఉంటుంది.

సరే, అసలు విషయానికొస్తే, ఈ ఫోర్కులో జరిగే పనులు రెండు. ఒకటి స్ప్రింగు పని. బరువు మొయ్యాలి, దెబ్బ తగిలినప్పుడు నొక్కుకుపోయి ఆ శక్తిని దాచుకోవాలి. ఇది ఇనుప స్ప్రింగు కావచ్చు, గొట్టంలో బంధించిన గాలి కావచ్చు. రెండోది డ్యాంపర్ పని. నూనెని సన్న కంతల్లోంచీ, పలచటి ఉక్కు బిళ్లల సందుల్లోంచీ తోసి ఆ శక్తిని వేడిగా మార్చి పారెయ్యాలి. ఫోర్కు నొక్కుకుపోతున్నప్పుడు అడ్డుపడేది కంప్రెషన్ డ్యాంపింగ్, తిరిగి లేస్తున్నప్పుడు అడ్డుపడేది రీబౌండ్ డ్యాంపింగ్. కంప్రెషన్‌కి నీలం నాబ్, రీబౌండ్‌కి ఎర్ర నాబ్ ఉండటం రివాజు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన వరస ఒకటుంది. మనిషి బరువుని బట్టి స్ప్రింగు, స్ప్రింగుని బట్టి రీబౌండు. 80 కిలోల మనిషికి గట్టి స్ప్రింగు కావాలి. గట్టి స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు గట్టిగా తంతుంది కాబట్టి దాన్ని ఆపడానికి ఎక్కువ రీబౌండు కావాలి. 50 కిలోల మనిషి స్ప్రింగు అందులో ఎనిమిదింట ఐదో వంతు. అది తన్నేది కూడా అంతే. దాని ముందు ఎనభై కిలోలవాడి రీబౌండు అలాగే వదిలేస్తే, దెబ్బ తిన్న ఫోర్కు మళ్లీ లేచేసరికి తెల్లారుతుంది.

మనూళ్లలో పెరిగినవాళ్లకి దీన్ని ఇంకో రకంగా చెప్పొచ్చు. లోడు లారీ గతుకుల రోడ్డు మీద కాస్త ఊగుతూ మెత్తగా పోతుంది. అదే లారీ సరుకు దించేసి ఖాళీగా వెనక్కొస్తున్నప్పుడు చూడండి, ప్రతి గుంతకీ ఎగిరెగిరి పడుతుంది. వెనకాల పలుపుతాడు కూడా నిలవదు. లారీ అదే, కట్టలు అవే, రోడ్డూ అదే. ఆ కట్టలు పది టన్నుల కోసం వేసినవి, ఖాళీ లారీ కోసం కాదు. అద్దె సైకిలెక్కిన 50 కిలోల మనిషి ఖాళీ లారీలో వెనకాల కూర్చున్నట్టే లెక్క.

నిరుడు జులైలో మా చిన్నాన్న కూతురితో కలిసి బ్రిటిష్ కొలంబియాలోని విస్లర్ వెళ్లాను. తను వాంకూవర్లో ఉద్యోగం చేస్తోంది, నేను సియాటిల్లో ఉంటాను, ఇద్దరికీ అందుబాటులో ఉన్న పెద్ద బైక్ పార్క్ అదే. చెల్లి సరిగ్గా 50 కిలోలుంటుంది. అడవుల్లో మామూలు మౌంటెన్ బైకు రెండేళ్లుగా బానే తొక్కుతోంది, భయస్తురాలేం కాదు. ఊళ్లో ఒక షాపులో డౌన్‌హిల్ సైకిలు అద్దెకి తీసుకుంది. కౌంటరు దగ్గర ఫారంలో పేరు, ఎత్తు, ఏ కాలు ముందు పెడతారు, ఏ బ్రేకు ఏ చేతికి కావాలి, అన్నీ ఉన్నాయి. సైకిలు సైజు సరిగ్గానే ఇచ్చారు.

మూడు సార్లు దిగింది. నాలుగోసారి మధ్యలో ఒక మలుపు దగ్గర బ్రేకు లీవరు మీద వేళ్లు బిగుసుకోలేదు. మొద్దుబారిపోయాయి. మలుపు తిరగకుండా తిన్నగా పొదల్లోకి వెళ్లిపోయింది. మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది కానీ, ఆ పొదలకి ఇవతల ఇరవై అడుగుల్లో రాళ్ల గుట్ట ఉంది. ఆగిన ఒకాయన మంచి మనసుతోనే, "హ్యాండిలు మరీ గట్టిగా పట్టుకుంటున్నావు, వదులుగా పట్టుకో, దూరం చూడు" అని సలహా ఇచ్చి పోయాడు. ఇది ఈ ఆటలో అందరూ అందరికీ ఇచ్చే సలహా. తప్పు సలహా కూడా కాదు. కానీ చెల్లి దాన్ని ఎలా విందో చూడండి.

"అన్నయ్యా, ఇది నా వల్ల కాదులే. నువ్వెళ్లు, నేను కింద కాఫీ తాగుతూ కూర్చుంటా."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, చెల్లి మీదా కాదు. ఫోర్కు పై గొట్టం మీద ఒక రబ్బరు ఓ-రింగు ఉంటుంది. ఫోర్కు ఎంతవరకు నొక్కుకుంటే అంతవరకు జరిగి అక్కడే ఆగిపోతుంది. అది 118 మిల్లీమీటర్ల దగ్గరుంది. నాలుగు సార్లు కొండ దిగినా ఫోర్కు అంతకంటే ఎక్కువ ఎప్పుడూ నొక్కుకోలేదన్నమాట. 200కి అద్దె కట్టి 118 వాడుకుంది. తర్వాత తనని పెడళ్ల మీద నిలబడమని శాగ్ కొలిచాను. శాగ్ అంటే మనిషి ఊరికే నిలబడితే ఫోర్కు కుంగేది. డౌన్‌హిల్ ఫోర్కుకి మొత్తం ట్రావెల్లో 15 నుంచి 20 శాతం ఉండాలని మామూలు లెక్క. తనకి వచ్చింది 14 మిల్లీమీటర్లు, 7 శాతం.

వేళ్లు ఎందుకు మొద్దుబారాయో ఇక లెక్క కట్టొచ్చు. విస్లర్ లాంటి చోట రోజుకి వందల మంది ప్రతి మలుపు ముందూ బ్రేకులేసి వేసి నేలంతా రేకులా అలలు తేలిపోతుంది. మన మట్టి రోడ్ల మీద బస్సులు చేసే అలల్లాంటివే. అలకీ అలకీ మధ్య 70 సెంటీమీటర్లనుకోండి, వేగం గంటకి 30 కిలోమీటర్లనుకోండి. సెకనుకి పన్నెండు దెబ్బలు. అంటే ఫోర్కుకి నొక్కుకుని మళ్లీ లేవడానికి ఉన్న టైము సెకనులో పన్నెండో వంతు. రీబౌండు నెమ్మదిగా ఉంటే మొదటి దెబ్బకి కుంగినది పూర్తిగా లేవకముందే రెండో దెబ్బ, అది లేవకముందే మూడో దెబ్బ. ఫోర్కు అలా కింద కింద ఉండిపోతుంది. అక్కడ గాలి స్ప్రింగు ఇంకా గట్టి. ఐదారు అలలయ్యాక చేతిలో ఉన్నది ఫోర్కు కాదు, గడ్డపార.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. గడ్డపారలా తగులుతున్న ఫోర్కుని చూసి ఎవరైనా ఏం చేస్తారు? "గట్టిగా ఉంది" అని గాలి తీస్తారు. రీబౌండు జోలికి పోరు. గాలి తీస్తే స్ప్రింగు ఇంకా బలహీనమై, అదే రీబౌండు ముందు ఇంకా నెమ్మదిగా లేస్తుంది. మెత్తగా అనిపించదు సరికదా, నిటారుగా ఉన్న దిగుడులో ముందు భాగం కూరుకుపోతుంది. డౌన్‌హిల్ సైకిలు హెడ్ యాంగిల్ 63 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ముందు చక్రం సైకిలుకి బాగా ముందుండి మనల్ని తలకిందులవకుండా కాపాడేది ఆ వాలే. ఫోర్కు 20 మిల్లీమీటర్లు అదనంగా కుంగితే ఆ వాలు దాదాపు ఒక డిగ్రీ పోతుంది. హ్యాండిలు మీంచి ఎగిరి పడటానికి అంతకంటే తేలిక దారి లేదు. చేతి నొప్పి తగ్గించుకోబోయి మెడ మీదకి తెచ్చుకోవడమన్నమాట.

అంచేత ఒకేసారి అన్నీ తిప్పకూడదు. బగ్గు వెతికేటప్పుడు ఐదు లైన్లు ఒకేసారి మార్చేసి, పనిచేస్తే దేనివల్ల పనిచేసిందో తెలీక తల గోక్కునేవాణ్ణి మా ఆఫీసులో చాలామందిని చూశాను. ఒక మార్పు, ఒకే దారి, ఒక దిగుడు. మేం చేసింది అదే. నా సంచీలో షాక్ పంపు ఉంది. ముందు శాగ్ 36 మిల్లీమీటర్లకి, అంటే 18 శాతానికి వచ్చేదాకా గాలి తీశాం. పంపు ముల్లు మూడో వంతు పైనే దిగింది. దాంతోపాటే రీబౌండు ఐదు క్లిక్కులు వదులు చేశాం. ఈ రెండింటినీ మాత్రం విడదీయకూడదు, ఇందాక చెప్పిన వరస అదే కాబట్టి. తర్వాతి దిగుడులో చేతులు బానే ఉన్నాయంది, కానీ ఓ-రింగు 150 దాటలేదు. షాపుకి తీసుకెళ్తే మెకానిక్ గాలి గదిలో ఉన్న రెండు ప్లాస్టిక్ టోకెన్లలో ఒకటి తీసేశాడు. అవి గాలికి చోటు తగ్గించి, ట్రావెల్ చివర్లో ఫోర్కుని గట్టిపరుస్తాయి. బరువైనవాళ్లకి అవసరం, తనకి అడ్డు. తీశాక శాగ్ మళ్లీ కొలిచి కాస్త గాలి కలిపాం. వెనక షాకుకి ఉన్న ఇనుప స్ప్రింగు కూడా మార్చి మెత్తటిది వేశాడాయన, అడక్కుండానే. ఆఖర్న నిటారు దిగుళ్ల కోసం లో-స్పీడ్ కంప్రెషన్ రెండు క్లిక్కులు పెంచాం. సాయంత్రానికి ఓ-రింగు 183 దగ్గరుంది. చెల్లి ఇంకో ఐదుసార్లు దిగింది.

ఒక్క రోజులో వీరనారి అయిపోయిందని కథలు చెప్పను. భయం అలాగే ఉంది, నిటారుగా ఉన్నచోట దిగి నడిచింది కూడా. కానీ వేళ్లు ఆఖరిదాకా బ్రేకు లాగాయి. నాకు కావలసింది అదే.

నన్ను ఇప్పటికీ తొలుస్తున్న సంగతి ఇంకోటి. రీబౌండు ఐదు క్లిక్కులు వదిలాక, పూర్తిగా తెరుచుకోవడానికి మిగిలినవి రెండే రెండు. అంటే 50 కిలోల మనిషికే నాబ్ దాదాపు అంచుకొచ్చేసింది. 42 కిలోల మనిషో, పన్నెండేళ్ల పిల్లో వస్తే? ఇక తిప్పడానికి ఏమీ ఉండదు. లోపలి ఉక్కు బిళ్లలు పలచటివి వెయ్యాలి, లేదా పలచటి నూనె పొయ్యాలి. నాబ్ అంచులో ఉందంటే సెట్టింగు తప్పని కాదు, ఆ ఫోర్కు తయారు చేసేటప్పుడు మనం వాళ్ల లెక్కలో లేమని అర్థం. ఇంకా ఉంది. గొట్టాల చుట్టూ ఉండే సీళ్ల రాపిడి మనిషి బరువుని బట్టి పెద్దగా మారదు. ఉదాహరణకి ఆ రాపిడి రెండు కిలోల బరువంత అనుకుంటే, బరువైనవాడికది తెలియను కూడా తెలీదు, తేలికైనవాళ్లకి ప్రతి చిన్న రాయీ చేతికి తెలుస్తుంది. సర్వీసు ఎగ్గొట్టిన ఫోర్కు అందరికంటే ముందు శిక్షించేది తేలికైనవాళ్లనే.

చిత్రమేంటంటే, ఈ ఆటలో వాదనలన్నీ వెనక భాగం మీదే. పివట్ ఎక్కడుండాలి, బ్రేకేస్తే వెనక చక్రం బిగుసుకుంటుందా లేదా, గొలుసు లాగితే సస్పెన్షన్ ఎంత లేస్తుంది. హోర్స్ట్ లైట్నర్ అనే ఆయన వెనక చక్రం ఇరుసుకి కాస్త ముందు, చెయిన్ స్టే మీద ఒక పివట్ పెడితే, దానిమీద ఏళ్ల తరబడి పేటెంటు గొడవలు నడిచాయి. 1998లో స్పెషలైజ్డ్ కంపెనీ ఆ పేటెంటు కొనుక్కుంది. ఈమధ్య హై పివట్ల కాలం. చక్రం దెబ్బకి వెనక్కి కూడా జరుగుతుంది కాబట్టి రాళ్ల మీద మెత్తగా పోతుంది. కొమెన్సాల్ మీద అమోరి పియెరాన్ 2018లో ప్రపంచ కప్ మొత్తం గెలిచాక అందరి కళ్లూ దానిమీద పడ్డాయి. ఇవన్నీ నిజమైన ఇంజనీరింగే, నాకూ ఇష్టమే. వెనక చక్రం 200 మిల్లీమీటర్లు కదిలితే షాకు 75 కదులుతుంది, అంటే సగటున 2.67 కి ఒకటి. ఆ నిష్పత్తి మొదట్లో ఎక్కువగా, చివర్లో తక్కువగా ఉండేలా లింకుల్ని అమర్చడం గొప్ప విద్య. కానీ ఆ విద్యంతా మనిషి శాగ్ సరిగ్గా ఉందనే ఊహ మీద కట్టింది. 7 శాతం శాగ్‌లో ఏ పివటూ దేవుడు కాదు. వాదనకి బొమ్మ కనబడాలి. పివట్ కనబడుతుంది, ఫోర్కు లోపలి బిళ్ల కనబడదు. అంతే తేడా.

"ఆరన్ గ్విన్ ఫోర్కు రాయిలా పెట్టుకుంటాడు, మరి ఆయన గెలవలేదా?" అంటారు కొందరు. నిజమే. 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో మొదట్లోనే గొలుసు తెగిపోయినా ప్రపంచ కప్ పందెం గెలిచిన మనిషి ఆయన. ఆయన వేగానికి తగిలే దెబ్బలకి ఆ గట్టిదనం కావాలి. మన వేగానికి అది మొద్దు కర్ర. "ఆడవాళ్లు మరి అవే సైకిళ్ల మీద గెలవట్లేదా?" అన్నది ఇంకో మాట. 2016లో రేచల్ అథర్టన్ ఆ ఏడాది ప్రపంచ కప్ పందేలన్నీ గెలిచి, పైన ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా గెలిచింది. కానీ ఆ స్థాయిలో ప్రతి మనిషి ఫోర్కునీ విప్పి, వాళ్లకి సరిపడా బిళ్లలు మార్చి, మళ్లీ బిగించడానికి మనుషులుంటారు. అద్దె సైకిలు ఎక్కే పిల్లకి ఎవరున్నారు? "వదులుగా పట్టుకో" అనేవాళ్లు తప్ప.

బాగా బరువున్నవాళ్ల తరఫున కూడా ఒక మాట చెప్పాలి. 110 కిలోల మనిషికి నాబ్ రెండో అంచుకొస్తుంది. ఎంత బిగించినా ఫోర్కు గుర్రంలా తంతుంది. ఆయన్నీ "నీకు కంట్రోలు లేదు" అంటారు. సగటుకి దగ్గర్లో ఉన్నవాడికి మాత్రం ఈ బాధేమిటో జన్మలో అర్థం కాదు. నేను అమెరికా వచ్చినప్పుడు 58 కిలోలు, ఇప్పుడు 84. ఫోర్కు దృష్టిలో ఇప్పుడే మనిషినయ్యాను :) మా వృత్తిలో దీనికో పాత మాట ఉంది, "నా మెషీన్లో పనిచేస్తోంది". డిఫాల్టు పెట్టినవాడికి డిఫాల్టు ఎప్పుడూ బానే ఉంటుంది.

ఆ షాపుని తిట్టడానికి ఇదంతా చెప్పట్లేదు. అక్కడి మెకానిక్ లాంటి ఓపికమంతుడు దొరకడం అదృష్టం. బరువడిగి, పంపు పట్టుకుని శాగ్ కొలిచి ఇచ్చే షాపులు కూడా ఉన్నాయి. నా గొడవంతా ఆ ఫారం మీద. ఇదే కొండ మీదకి చలికాలంలో రండి. అద్దె స్కీలు కావాలంటే బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడుగు, ఎలా స్కీ చేస్తారు, ఇవన్నీ రాసి ఇవ్వాలి. ఎందుకంటే పడినప్పుడు స్కీ నుంచి బూటు ఎంత బలానికి ఊడాలో ఆ లెక్కల్ని బట్టే బిగిస్తారు. ఊడకపోతే కాలు విరుగుతుంది. మొహమాటపడి బరువు తగ్గించి రాయొద్దని కూడా చెబుతారు. మంచు కరిగి ఎండాకాలం రాగానే, అదే కొండ, అదే లిఫ్టు, అవే ఎముకలు, బరువు గడి మాత్రం ఫారంలోంచి మాయం.

ఒక్క గడి చాలు. బరువు రాస్తే చార్టు చూసి గాలి, రీబౌండు పెట్టి ఇవ్వడానికి ఐదు నిమిషాలు పట్టదు. చాలా గాలి ఫోర్కుల కాలి మీదే ఆ చార్టు అంటించి ఉంటుంది. అప్పటిదాకా అద్దె సైకిలు తీసుకునేవాళ్లు మీరే అడగండి. షాక్ పంపు ఇవ్వమనండి, హెల్మెట్టూ బ్యాగూ అన్నీ తగిలించుకుని పెడళ్ల మీద నిలబడి శాగ్ కొలిపించుకోండి, ఎర్ర నాబ్ ఇటు నుంచి అటు ఎన్ని క్లిక్కులుందో లెక్కపెట్టి, మధ్యలో ఎక్కడుందో రాసుకోండి. మొదటిసారి దిగాక ఓ-రింగు ఎక్కడుందో చూడండి. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. మీతో వచ్చిన చెల్లెలో, తమ్ముడో, పిల్లలో "నా వల్ల కాదు" అంటే, ఈ నాలుగూ చూశాకే ఆ మాట ఒప్పుకోండి. ఆ తర్వాత కూడా వద్దంటే హాయిగా కాఫీ తాగనివ్వండి, అది వాళ్లిష్టం.